నెల తప్పక ముందే
డాక్టర్ వులిమిరి రామలింగస్వామి స్మారక ఉపన్యాసం



రామలింగస్వామి గారి పేరు మీద మాట్లాడమని అడిగినప్పుడు విషయం నన్నే ఎంచుకోమన్నారు. ఆయన శ్రీకాకుళంలో పుట్టారు. విశాఖపట్నం ఆంధ్రా మెడికల్ కాలేజీలో చదివారు. కూనూరు పోషకాహార పరిశోధనశాలలో పనిచేశారు. తర్వాత ఎయిమ్స్‌కి డైరెక్టరు, ఐసీఎంఆర్‌కి డైరెక్టర్ జనరలు అయ్యారు. బిరుదులు, పురస్కారాలు మీ చేతిలోని సావనీరులో ఉన్నాయి కాబట్టి నేను చదవను. ఆయన చేసిన పనుల్లో నాకివాళ కావలసింది ఒక్కటే, కాంగ్రా లోయ.

హిమాలయాల అడుగున ఉన్న ఆ లోయలో 1956 నాటికి పదిమందిలో దాదాపు నలుగురికి గొంతు కింద కాయ, అంటే గాయిటర్, ఉండేది. యుగాల తరబడి మంచు కరిగి, వాన కురిసి, మట్టిలో అయోడిన్ కడుక్కుపోయింది. మట్టిలో లేనిది పంటలోకి రాదు, పంటలో లేనిది మనిషికి అందదు. సుమారు లక్షమంది ఉన్న ప్రాంతాన్ని ఆయన బృందం మూడు ముక్కలు చేసింది. రెండింటికి అయోడిన్ కలిపిన ఉప్పు, మధ్య ముక్కకి మామూలు ఉప్పు సరఫరా చేయించింది. ఆరేళ్ళు గడిచేసరికి అయోడిన్ ఉప్పు తిన్న రెండు చోట్లా గాయిటర్లు బాగా తగ్గాయి. మధ్య ముక్కలో ఎక్కడివక్కడే ఉన్నాయి. అప్పుడు వాళ్ళకీ అయోడిన్ ఉప్పే ఇచ్చారు, అక్కడా తగ్గాయి. మామూలు ఉప్పు తిని ఆరేళ్ళు ఆగిన ఆ జనం సంగతి ఇవాళ్టి ఎథిక్స్ కమిటీ ముందు పెడితే ఏమంటుందో మీకు తెలుసు. ఆ అభ్యంతరం న్యాయమైనదే. అయినా 1962లో మొదలైన జాతీయ గాయిటర్ నియంత్రణ కార్యక్రమానికి బలం ఆ లోయ నుంచే వచ్చింది.

ఆ ప్రయోగంలో నాకు అన్నిటికంటే నచ్చేది దాని తీరు. ఏ తల్లినీ పిలిచి జాగ్రత్తలు చెప్పలేదు. ఎవరి తిండీ మార్పించలేదు. జనం ఎప్పటిలాగే కొట్టుకెళ్ళి ఉప్పు కొనుక్కున్నారు. మారింది ఉప్పు. తల్లీబిడ్డల థైరాయిడ్ మీద కాలుష్యం చేసే పని గురించి నేను చెప్పబోయేదంతా ఈ ఒక్క తీరుకి కట్టుబడి ఉంటుంది.

ముందు ఉప్పు సంగతే ముగిద్దాం, ఎందుకంటే అది ఇంకా ముగియలేదు. రామలింగస్వామి గారు పుట్టిన జిల్లాలోనే నౌపడ ఉప్పు మడులున్నాయి. సముద్రపు ఉప్పులో అయోడిన్ దానంతటదే ఉంటుందని మన కోస్తాలో చదువుకున్నవాళ్ళు కూడా అంటారు. ఉండదు. సముద్రపు నీళ్ళలో ఉన్న ఆ కాస్తా ఉప్పు పేరుకునేటప్పుడు నిలవదు, మనం కలపాల్సిందే. తయారీ దగ్గర కిలోకి 30 మిల్లీగ్రాములు, వంటింటికి చేరేసరికి కనీసం 15 ఉండాలన్నది నియమం. 2018–19 జాతీయ సర్వేలో అంత అయోడిన్ ఉన్న ఉప్పు వాడుతున్న ఇళ్ళు దేశం మొత్తం మీద 76 శాతం. ఆంధ్రప్రదేశ్‌లో 64 శాతం. తొమ్మిది వందల కిలోమీటర్లకి పైగా తీరం ఉన్న రాష్ట్రం, ఉప్పు పండించే రాష్ట్రం, ఆ పట్టికలో అట్టడుగున తమిళనాడుకి పక్కన నిలబడింది. ఆవకాయకి ప్యాకెట్ ఉప్పు పనికిరాదని గళ్ళ ఉప్పు ఎండబెట్టి దంచే ఇళ్ళు మీ అందరికీ తెలుసు. పచ్చడి వరకైతే పరవాలేదు. మిగిలిన గళ్ళ ఉప్పు కూరల్లోకి, మజ్జిగలోకి నడిచే ఇళ్ళే ఎక్కువ.

ఇక అసలు విషయం. థైరాయిడ్ గ్రంథి చేసే ప్రధాన హార్మోనును టీ4 అంటాం. ఒక్కో అణువులో నాలుగు అయోడిన్ పరమాణువులుంటాయి. ఈ హార్మోను చాలకపోతే మెదడు కిందనున్న పిట్యూటరీ గ్రంథి టీఎస్‌హెచ్ అనే మరో హార్మోనును పెంచి థైరాయిడ్‌ని తరుముతుంది. అందుకే టీఎస్‌హెచ్ పెరిగిందంటే థైరాయిడ్ వెనకబడుతోందని అర్థం చేసుకుంటాం. ఇంతవరకు మీకు తెలిసిందే. పిండం విషయంలో లెక్క వేరు. బిడ్డ థైరాయిడ్ పన్నెండో వారం ప్రాంతంలో అయోడిన్‌ని పట్టుకోవడం మొదలుపెడుతుంది. చెప్పుకోదగ్గ మోతాదులో హార్మోను చేసేది పద్దెనిమిది, ఇరవై వారాలకి. అంతకు ముందే మెదడు కణాలు పుట్టి, ఎక్కడికి వెళ్ళాల్సినవి అక్కడికి కదలడం మొదలవుతుంది. ఆ పనికి కావలసిన హార్మోను అంతా తల్లి నెత్తురులోంచి మాయ దాటి రావలసిందే. అందుకే మామూలు మనిషికి రోజుకి 150 మైక్రోగ్రాముల అయోడిన్ చాలన్న ప్రపంచ ఆరోగ్య సంస్థ గర్భిణికి 250 కావాలంటుంది.

ఇప్పుడు క్యాలెండరు చూడండి. నెల తప్పిందని అనుమానం రావాలి. మందుల షాపు నుంచి కిట్ తెప్పించి చూసుకోవాలి. అత్తగారికి చెప్పాలి. ఏఎన్‌ఎం దగ్గర పేరు రాయించుకోవాలి. అప్పటికి ఎనిమిదో, పదో, పన్నెండో వారం వస్తుంది. మన గర్భిణీ సేవలన్నీ, అవి ఎంత బాగా నడిచినా, ఆ వారం నుంచే మొదలవుతాయి. బిడ్డ పూర్తిగా తల్లి హార్మోను మీదే బతికే కాలం అప్పటికి చాలావరకు అయిపోతుంది.

కాలుష్యం ఈ వ్యవస్థలో ఎక్కడ వేలు పెడుతుంది? ఒకచోట కాదు. అయోడిన్ గ్రంథిలోకి వెళ్ళేందుకు కణాల గోడలో ఒక ప్రొటీన్ ఉంది, సోడియం అయోడైడ్ సింపోర్టర్ అంటాం. పెర్‌క్లోరేట్ అనే రసాయనానికి అయోడిన్ కన్నా ముప్పై రెట్లు ఎక్కువ గట్టిగా దాన్ని అంటిపెట్టుకునే గుణముంది. పల్లెవెలుగు బస్సు ఆగీ ఆగకముందే కిటికీలోంచి తువ్వాలు విసిరి సీటు పట్టేసినట్టు, అయోడిన్ ఎక్కే సమయానికి చోటుండదు. పొగాకు పొగ నుంచి వచ్చే థయోసయనేట్, ఎరువుల నుంచి నీళ్ళలోకి దిగే నైట్రేట్ కూడా ఇక్కడే అడ్డం పడతాయి, కాకపోతే వాటి పట్టు చాలా తక్కువ. పాత ట్రాన్స్‌ఫార్మర్ల నూనెలో వాడిన పీసీబీల దారి వేరు. శరీరం వాటిని మార్చగా వచ్చే పదార్థాలు, రక్తంలో టీ4ని మోసుకెళ్ళే ట్రాన్స్‌థైరెటిన్ అనే ప్రొటీన్‌ని ఆక్రమించుకుంటాయి. డయాక్సిన్లు కాలేయాన్ని ఎగదోసి హార్మోనును వేగంగా బయటికి పంపించేస్తాయి. ఏ ఒక్కటీ గ్రంథిని చంపదు. తల్లికి జబ్బు చెయ్యకపోవచ్చు కూడా. హార్మోను కాస్త పలచబడుతుంది, అంతే. ఆ కాస్తా ఎవరికి లెక్కలోకొస్తుందన్నదే ప్రశ్న.

దీనికి నాకు తెలిసినంతలో అన్నిటికంటే స్పష్టమైన సాక్ష్యం ఇటలీలో ఉంది. దాన్ని కొంచెం నిదానంగా చెబుతాను.

1976 జులై 10, శనివారం. మిలాన్‌కి ఉత్తరాన మేదా అనే ఊళ్ళో ఇక్మేసా కర్మాగారం. యజమాని జివోదాన్ కంపెనీ, దాని పైన స్విట్జర్లాండుకి చెందిన హాఫ్‌మన్ లా రోష్. క్రిముల్ని చంపే సబ్బుల్లో వాడే హెక్సాక్లోరోఫీన్ కోసం అక్కడ ట్రైక్లోరోఫినాల్ వండేవారు. వారాంతం వచ్చిందని ఆ బ్యాచ్‌ని మధ్యలో ఆపి వెళ్ళిపోయారు. మూసిన రియాక్టరులో వేడి దానంతటదే పెరిగింది. మధ్యాహ్నం పన్నెండున్నర దాటాక సేఫ్టీ డిస్కు పగిలింది, లోపలి సరుకు పొగలా ఎగదన్నింది. గాలి ఆగ్నేయానికి ఉంది. ఆ దారిలో మొదటి ఊరు సెవెసో.

అందులో డయాక్సిన్ ఉంది, టీసీడీడీ అని పిలిచే అత్యంత విషపూరితమైన రకం. తర్వాతి రోజుల్లో కోళ్ళు, కుందేళ్ళు చచ్చిపోయాయి. పిల్లల ముఖాలు, చేతులు కాలినట్టు కమిలి, ఆ తర్వాత క్లోరాక్నె అనే మొండి మొటిమలు లేచాయి. అది డయాక్సిన్ అని కంపెనీ నోరు విప్పడానికి సుమారు పది రోజులు పట్టింది. మొదటి కుటుంబాల్ని ఊరు ఖాళీ చేయించేసరికి రెండు వారాలు దాటిపోయాయి. మట్టిలో విషం ఎంతుందో చూసి ప్రాంతాన్ని ఏ, బీ, ఆర్ అని విడగొట్టారు. ఏ జోన్‌లోని ఏడు వందల పైచిలుకు మంది ఇళ్ళు వదిలారు. వాళ్ళలో కొందరి ఇళ్ళు నేలమట్టం చేశారు. ఇవాళ అక్కడ ఓక్ చెట్ల ఉద్యానం ఉంది.

గర్భంతో ఉన్నవాళ్ళకి ఏం చెప్పాలో ఎవరికీ తెలియలేదు. అప్పటికి ఇటలీలో గర్భస్రావం చట్టవిరుద్ధం. సెవెసో ఆడవాళ్ళకి మినహాయింపు ఇవ్వాలా వద్దా అని దేశమంతా వాదించుకుంది. ఒక వైపు చర్చి, మరో వైపు మహిళా ఉద్యమం, మధ్యలో భయంతో బిక్కచచ్చిన తల్లులు. 1978లో చట్టం మారింది. ఆ వాదనంతా ఆ నెల కడుపులో ఉన్న బిడ్డల గురించే జరిగింది. అప్పటికింకా లంగా జాకెట్లలో తిరుగుతున్న వయసు ఆడపిల్లల గురించి, పదిహేనేళ్ళకో ఇరవై ఏళ్ళకో వాళ్ళకి పుట్టబోయే బిడ్డల గురించి ఎవరూ మాట్లాడలేదు.

ఒక్క మనిషి మాత్రం వాళ్ళ నెత్తురు దాచాడు. పక్కనున్న దేసియో ఆసుపత్రిలో ల్యాబు నడిపే పావొలో మొకారెల్లి. పరీక్షల కోసం తీసిన రక్తంలో మిగిలిన సీరాన్ని పారబోయించకుండా ఫ్రీజర్లలో పెట్టించాడు, సుమారు 30,000 నమూనాలు. అప్పటికి అంత కొద్ది రక్తంలో డయాక్సిన్‌ని కొలిచే పద్ధతే లేదు. ఎప్పటికైనా వస్తుందన్న నమ్మకం తప్ప ఆయన దగ్గర వేరే కారణం లేదు. పదేళ్ళు దాటాక అట్లాంటాలోని సీడీసీ ల్యాబు ఆ పద్ధతి కనిపెట్టింది. ఫ్రీజర్లు తెరిచారు. ఒక పసివాడి రక్తంలోని కొవ్వులో 56,000 పీపీటీ డయాక్సిన్ కనిపించింది. ఆ కాలంలో మామూలు మనుషుల్లో ఇరవై దాటేది కాదు. ఈ కథలో నిజమైన వీరుడెవరని నన్నడిగితే మొకారెల్లినే చూపిస్తాను. ఆయన తర్వాత, మైనస్ ఇరవై డిగ్రీల దగ్గర అన్నేళ్ళు కరెంటు పోకుండా చూసిన, పేరు తెలియని ఆసుపత్రి ఉద్యోగులు.

డయాక్సిన్ కొవ్వులో చేరి కూర్చుంటుంది. ఒంట్లో ఉన్నది సగానికి తగ్గడానికే ఏడెనిమిదేళ్ళు పడుతుంది. అందుకని ఆండ్రియా బక్కరెల్లి, పియెర్ అల్బెర్తో బెర్తాజ్జి తదితరులు ఒక ప్రశ్న వేసుకున్నారు: ప్రమాదం నాడు అక్కడున్న ఆడవాళ్ళకి చాలా ఏళ్ళ తర్వాత పుట్టిన పిల్లల థైరాయిడ్ ఎలా ఉంది? జవాబు కోసం ఎవరినీ కొత్తగా గుచ్చాల్సిన పని పడలేదు. లొంబార్దీలో పుట్టిన ప్రతి బిడ్డకీ మూడో రోజున మడమ మీద గుచ్చి టీఎస్‌హెచ్ చూస్తారు. ఈ పరీక్ష చూడనివాళ్ళ కోసం చెబుతున్నాను. బిడ్డ పాదాన్ని వెచ్చటి బట్టతో కాసేపు చుట్టి ఉంచుతారు. మడమ మధ్యలో కాకుండా పక్కన గుచ్చుతారు, ఎముక తగలకుండా. మొదటి చుక్క తుడిచేస్తారు. రెండో చుక్క పెద్దదిగా ఊరేదాకా ఆగి, అట్టలాంటి మందపాటి కాగితం మీద అచ్చేసిన గుండ్రటి గీతలోకి ఒక్కసారే తాకిస్తారు. వెనక్కి తిప్పితే అటు కూడా ఎర్రగా ఇంకి ఉండాలి. నీడలో ఆరబెట్టి కవరులో పంపిస్తారు. బిడ్డ ఏడుస్తుంది, తల్లి పాలిస్తుంది, అంతటితో అయిపోతుంది.

1994 నుంచి 2005 దాకా పుట్టిన 1,014 మంది పిల్లల చుక్కలు పరిశీలించారు. టీఎస్‌హెచ్ 5 యూనిట్లు దాటిన పిల్లలు విషం పడని పక్క ఊళ్ళలో 2.8 శాతం. బీ జోన్ తల్లుల పిల్లల్లో 4.9 శాతం. ఏ జోన్ తల్లుల పిల్లల్లో 16.1 శాతం. ఏ జోన్ తల్లులకి పుట్టినవాళ్ళు మొత్తం 56 మందే, వాళ్ళలో తొమ్మిదిమంది. చిన్న సంఖ్యే, ఒప్పుకుంటాను. కానీ మూడు చోట్లా వరస తప్పలేదు, పైగా కొందరు తల్లుల రక్తంలో విడిగా కొలిచిన డయాక్సిన్ కూడా బిడ్డ టీఎస్‌హెచ్‌తో కలిసే పెరిగింది. ఒక జనాభాలో అయోడిన్ సరిపోతోందా లేదా చూడటానికి ప్రపంచ ఆరోగ్య సంస్థ వాడే గీటురాయి కూడా ఇదే: 5 దాటిన పసిపిల్లలు మూడు శాతం లోపుండాలి. ఆ కొలతతో చూస్తే పక్క ఊళ్ళు గట్టెక్కాయి. ఏ జోన్ పిల్లల అంకె అయోడిన్ చాలని ఊరి అంకెలా ఉంది.

ఈ తొమ్మిదిమందికీ జబ్బు ఉందని కాదు. 5 దాటడం వేరు, మందు అవసరమయ్యే పుట్టుకతో వచ్చే హైపోథైరాయిడిజం వేరు. నేను చూపించదలచుకున్నది కాలం. 1994కీ 1976కీ పద్దెనిమిదేళ్ళు, 2005కైతే ఇరవై తొమ్మిది. లెక్కేసి చూడండి, ప్రమాదం నాటికి ఈ తల్లుల్లో చాలామంది బడికెళ్ళే వయసు పిల్లలే. వాళ్ళలో ఎవరైనా గర్భిణిగా ఎంత జాగ్రత్త పడినా చేయగలిగిందేమీ లేదు. 1996లో రామలింగస్వామి గారు మరో ఇద్దరితో కలిసి యూనిసెఫ్ కోసం రాసిన ‘ఏషియన్ ఎనిగ్మా’ వ్యాసం ఇక్కడ గుర్తు చేసుకోవాలి. ఆఫ్రికా కన్నా దక్షిణాసియాలో పిల్లల పోషకాహార లోపం ఎందుకెక్కువ అని అడిగి, జవాబుని ఆయన పిల్లల కంచంలో వెతకలేదు. తక్కువ బరువుతో పుట్టడంలో, దాని వెనక ఆ తల్లి బతికిన బతుకులో వెతికారు. సెవెసో చుక్కలు రసాయనాల విషయంలో అదే చెబుతున్నాయి.

మన దగ్గర 2020 మే 7 తెల్లవారుజామున విశాఖ శివార్లలో ఆర్.ఆర్. వెంకటాపురం మీద ఒక ఫ్యాక్టరీ నుంచి లీకైన స్టైరీన్ ఆవిరి పడింది. 12 మంది పోయారు. స్టైరీన్ డయాక్సిన్ లాంటిది కాదు, ఒంట్లో ఏళ్ళ తరబడి నిలిచే రకం కాదు, రెండింటినీ ఒకే గాటన కట్టను. కానీ ఇలాంటిది మళ్ళీ జరిగినప్పుడు, మొదటి వారంలోనే ఆ ఊరి ఆడపిల్లల రక్తం తీసి ఎక్కడ దాస్తామో ముందుగా రాసిపెట్టుకున్న కాగితం ఏ కలెక్టరేటులోనైనా ఉండాలి కదా? పరిహారం జాబితా రాసేవాళ్ళతో పాటు సీసాల మీద లేబుళ్ళు అంటించేవాళ్ళూ ఆ వారంలోనే కావాలి.

రెండో కథ పెర్‌క్లోరేట్‌ది. రాకెట్ ఇంధనంలో, టపాకాయల్లో వాడతారు. నీళ్ళలో సులువుగా కరుగుతుంది, మరిగిస్తే పోదు. కేరళలో ఆలువ దగ్గర, రాకెట్ల కోసం దీన్ని తయారుచేసే ప్లాంటు చుట్టుపక్కల బావుల్లో మన శాస్త్రవేత్తలే దాన్ని కనిపెట్టారు. ఎంత తాగితే ముప్పు లేదన్న లెక్క ఎలా వచ్చిందో విద్యార్థులు తెలుసుకోవాలి. 2002లో అచ్చయిన ఒక అధ్యయనంలో ఆరోగ్యవంతులైన 37 మంది పెద్దవాళ్ళకి పద్నాలుగు రోజుల పాటు పెర్‌క్లోరేట్ నీళ్ళిచ్చి, గ్రంథి అయోడిన్‌ని పట్టుకోవడం ఎంత తగ్గిందో చూశారు. 2005లో అమెరికా జాతీయ పరిశోధనా మండలి, అందులో ఏ తేడా కనిపించని మోతాదుని పదితో భాగించి, అదే సురక్షితమంది. శాస్త్రీయంగా తప్పు పట్టలేని పద్ధతే. కానీ పెద్దవాళ్ళ థైరాయిడ్‌లో నెలల తరబడి సరిపడే హార్మోను నిల్వ ఉంటుంది. అప్పుడే పుట్టిన బిడ్డ దగ్గర ఒక రోజుకి సరిపోయేంత ఉంటే గొప్ప. ఆ తేడా అంతా ఒక్క పదిలో ఇమడాలి.

ఇక్కడ నా వాదనకి ఎదురు నిలిచే సాక్ష్యం కూడా ఉంది. చిలీలో అటకామా ఎడారి పక్కన తాల్తాల్ అనే ఊళ్ళో పెర్‌క్లోరేట్ నేలలోనే సహజంగా ఉంది. తాగే నీళ్ళలో లీటరుకి వంద మైక్రోగ్రాములకి పైనే ఉండేది. అమెరికాలో మసాచుసెట్స్ రాష్ట్రం పెట్టుకున్న పరిమితి 2, కాలిఫోర్నియాది 6. అయినా తాల్తాల్ గర్భిణుల్ని, వాళ్ళ బిడ్డల్ని పరీక్షించి 2005లో అచ్చేసిన అధ్యయనంలో థైరాయిడ్ హార్మోన్లు పక్క ఊళ్ళవాళ్ళతో సమానంగానే ఉన్నాయి. కంపెనీల తరఫువాళ్ళు ఈ ఫలితాన్ని చాలాకాలం చేత పట్టుకు తిరిగారు. మరుసటి ఏడాదే బెంజమిన్ బ్లౌంట్ బృందం అమెరికా జాతీయ సర్వేలో 2001–02లో దాచిన మూత్ర నమూనాలు తిరగేసింది. మూత్రంలో అయోడిన్ లీటరుకి వంద మైక్రోగ్రాముల కన్నా తక్కువున్న ఆడవాళ్ళలో పెర్‌క్లోరేట్ పెరిగేకొద్దీ టీ4 తగ్గింది, టీఎస్‌హెచ్ పెరిగింది. అదీ తాల్తాల్ నీళ్ళతో పోలిస్తే ఏ మూలకీ రానంత పెర్‌క్లోరేట్‌తో. రెండు అధ్యయనాలూ ఒకదాన్నొకటి కొట్టుకుంటున్నాయని నేననుకోను. చిలీ తల్లులకి అయోడిన్ పుష్కలంగా అందేది. ఒకే విషం, ఒక ఊళ్ళో ఏమీ చెయ్యలేదు, మరో దేశంలో అయోడిన్ చాలని ఆడవాళ్ళ మీద పనిచేసింది. మన 64 శాతాన్ని ఈ మాట పక్కన పెట్టి చూసుకోండి.

అయితే దీన్ని పట్టుకుని, తల్లులకి అయోడిన్ ఇచ్చేస్తే చాలు, ఫ్యాక్టరీని దాని మానాన వదిలెయ్యొచ్చు అనే పెద్దమనుషులు తయారవుతారు. అయోడిన్ పెర్‌క్లోరేట్‌కి విరుగుడు కావచ్చు గానీ పీసీబీలకీ డయాక్సిన్లకీ కాదు. వాటి దారులు వేరని ఇందాకే చెప్పాను.

పొగాకు గురించి రెండు మాటలు. శ్రీకాకుళం, విశాఖ తీరంలో ఆడవాళ్ళు నిప్పు లోపలికి పెట్టుకుని చుట్ట కాల్చే అడ్డపొగ అలవాటు ప్రపంచ వైద్య పుస్తకాల్లోకెక్కింది, అంగిటి క్యాన్సర్ కారణంగా. క్యాన్సర్ తప్ప మరో మాట మనం మాట్లాడలేదు. పొగలోని సయనైడ్‌ని కాలేయం థయోసయనేట్‌గా మారుస్తుంది. పాలిచ్చే తల్లి రొమ్ములో కూడా అయోడిన్‌ని పాలలోకి లాగే ఆ సింపోర్టరే ఉంది. డెన్మార్క్‌లో పీటర్ లార్‌బెర్గ్ బృందం సిగరెట్ తాగే బాలింతల పాలు పరీక్షిస్తే అయోడిన్ దాదాపు సగమే ఉంది. చుట్ట తాగే బాలింతల పాలలో ఎంతుందో చూడటానికి పెద్ద ల్యాబు అక్కర్లేదు. వెనక వరసలో థీసిస్ టాపిక్ కోసం వెతుక్కుంటున్నవాళ్ళు ఎవరైనా ఉంటే వింటున్నారనుకుంటాను.

ఇంతకీ ఈ కొద్దిపాటి తేడాలతో పిల్లల తెలివి నిజంగా తగ్గుతుందా? ఇక్కడ మన వృత్తిలోనే ఏకాభిప్రాయం లేదు. 1999లో జేమ్స్ హాడో బృందం మెయిన్ రాష్ట్రంలో, గర్భంలో థైరాయిడ్ లోపం ఉండీ మందు వాడని తల్లుల పిల్లలకి ఏడేళ్ళు దాటాక ఐక్యూ సగటున ఏడు పాయింట్లు తక్కువుందని చూపించింది. ప్రపంచమంతా కదిలింది. ఆ తర్వాత 2012లో బ్రిటన్, ఇటలీల్లో కలిపి చేసిన పెద్ద ప్రయోగంలో, 2017లో అమెరికాలో చేసిన మరోదానిలో, గర్భిణులకి థైరాక్సిన్ మాత్రలిచ్చినా పిల్లల ఐక్యూలో తేడా రాలేదు. దీన్ని రెండు రకాలుగా చదవొచ్చు: స్వల్పలోపం వల్ల నష్టమేమీ లేదని, లేదా మాత్ర మొదలయ్యేసరికే ఆలస్యమైందని. మొదటి ప్రయోగంలో మందు మొదలైంది పదమూడో వారం ప్రాంతంలో, రెండోదానిలో అంతకన్నా ఆలస్యంగా. నేను రెండో చదువు వైపే మొగ్గుతాను. మొదటిదాన్ని నమ్మే పెద్దలు ఈ వేదిక మీదే ఉన్నారు, వాళ్ళ దగ్గరా గట్టి వాదనలున్నాయి. నల్లగొండ, ప్రకాశం జిల్లాల ఫ్లోరైడ్ గురించి కూడా థైరాయిడ్ మాట వినిపిస్తుంటుంది. అక్కడి ఎముకలకీ పళ్ళకీ ఫ్లోరైడ్ చేసిన పని నిర్వివాదం. థైరాయిడ్‌కి చేసిందని అంత ధైర్యంగా చెప్పే సాక్ష్యం నాకు కనిపించలేదు, కాబట్టి ఇవాళ్టి లెక్కలో దాన్ని కలపను.

చివరగా పాలు. 1994లో రాటర్‌డామ్ ప్రాంతంలో 105 మంది తల్లీబిడ్డల మీద కోరినా కోప్మన్ ఎసెబూమ్ బృందం చేసిన అధ్యయనం వచ్చింది. తల్లి పాలలో డయాక్సిన్లు, పీసీబీలు ఎక్కువగా ఉన్న చోట తల్లి హార్మోన్లు తగ్గి ఉన్నాయి, బిడ్డ టీఎస్‌హెచ్ రెండో వారంలోనూ మూడో నెలలోనూ పెరిగి ఉంది. ఇలాంటి వార్త పేపర్లో పడితే మన దగ్గర మర్నాడే ఏం జరుగుతుందో ఊహించగలను. తల్లి పాలలో విషం అని టీవీలో అరుస్తారు. డబ్బా పాలవాళ్ళు మాట్లాడకుండా నవ్వుకుంటారు. అత్తగారు కోడల్ని చూసి నువ్వేం తిన్నావని అడుగుతుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ ఇవన్నీ తూచి చూసి, పాలివ్వడమే మేలన్న మాట మీదే నిలబడింది. నేను కూడా మా వార్డులో ఏ బాలింతనీ పాలు మానమని చెప్పలేదు, చెప్పను.

స్వీడన్‌లో ఏం చేశారో చూడండి. స్టాక్‌హోమ్‌లో తల్లి పాల కేంద్రం ఉంది, అక్కడ పాలు దానంగా ఇచ్చే తల్లులున్నారు. ఆ పాలలో కొంత కొంత కలిపి 1970ల నుంచీ దాచారు, పరీక్షించారు. పీసీబీలు, డీడీటీ నిషేధించాక ఏటేటా తగ్గుతూ వచ్చాయి. కానీ సోఫాల నురగలో, టీవీల ప్లాస్టిక్‌లో మంటలంటుకోకుండా కలిపే పీబీడీఈ అనే రసాయనాలు 1972 నుంచి 1997 వరకు ప్రతి అయిదేళ్ళకీ రెట్టింపవుతూ వచ్చాయి. దాచిన పాలు లేకపోతే ఆ పెరుగుదల ఎవరి కంటా పడేది కాదు. ఆ గ్రాఫు బయటికొచ్చాక తల్లులకి సలహాలు ఇవ్వలేదు, ఆ రసాయనాల వాడకాన్ని కట్టడి చేశారు. గీత కిందికి దిగింది. కాంగ్రాలో ఉప్పు మార్చిన తీరే ఇది. మన దేశంలోనూ 2016 ఉత్తర్వు పీసీబీల తయారీ, దిగుమతి ఆపి, మిగిలిన వాడకానికి 2025 డిసెంబరు 31 గడువు పెట్టింది. ఆ గడువు అమలైందో లేదో తేల్చే సాక్ష్యం కూడా తల్లి పాలలోనే దొరుకుతుంది.

నేను అడిగేది రెండు పనులు. పుట్టుకతో వచ్చే థైరాయిడ్ లోపానికి మడమ చుక్క పరీక్షని దేశమంతటా ప్రతి బిడ్డకీ తప్పనిసరి చేసిన కార్యక్రమం మనకింకా లేదు. మన దేశంలో సుమారు వెయ్యి మందిలో ఒకరికి ఆ లోపం ఉంటుంది, మొదటి రెండు వారాల్లో మందు పడితే ఆ బిడ్డ అందరిలా బడికెళ్తుంది. ఆ ఒక్క కారణమే చాలు పరీక్ష పెట్టడానికి. పెట్టాక, 5 దాటినవాళ్ళ శాతాన్ని మండలాల వారీగా ఏటా అచ్చెయ్యాలి. ఎక్కడ ఉప్పు సరిగా లేదో, ఎక్కడ నీళ్ళలో ఏముందో వెతకాల్సిన చోటు మ్యాపు మీద దానంతటదే తేలుతుంది. రెండోది, మన పెద్ద ఆసుపత్రుల్లో నడుస్తున్న తల్లి పాల బ్యాంకుల్లో, నెల తక్కువ పిల్లలకి పోయగా మిగిలి, గడువు తీరి పారబోసే పాలుంటాయి. పటాన్‌చెరు వైపు నుంచి, విశాఖ పారిశ్రామిక వాడల నుంచి, ఏ ఫ్యాక్టరీ లేని ఏజెన్సీ మండలాల నుంచి వచ్చిన వాటిలో ఏటా కొన్ని సీసాలు పక్కన పెట్టి డీప్ ఫ్రీజర్లో దాస్తే చాలు. కొలవడం తర్వాతైనా జరుగుతుంది. మొకారెల్లి పదేళ్ళకి పైగా ఆగాడు.

దానికి తల్లి ఒప్పుకోలు కాగితం తెలుగులో ఉండాలి, చదివి వినిపించాలి. ఫలితం వచ్చిన రోజున అది ఆమెకి చెప్పాలి. చెప్పే మనిషి ఆ మాటతో పాటే, పాలు మానొద్దమ్మా, ఇది నీవల్ల వచ్చింది కాదని కూడా చెప్పాలి. ఆ తర్వాత ఆ రిపోర్టు కాపీ కాలుష్య నియంత్రణ మండలికి వెళ్ళాలి, ముప్పై రోజుల్లో జవాబు ఇవ్వాలన్న నిబంధనతో.